కార్తీకానికి ముందు కోడి: దక్షిణ లండన్‌లో మోర్లీస్ వెంట

లండన్ నుంచి వచ్చి సూట్‌కేసులు పూర్తిగా ఖాళీ చేయకముందే కార్తీకమాసం వచ్చిపడింది. మా ఇంట్లో ఈ నెలంతా నీచు ఉండదు. చిక్కుడుకాయ కూర తింటూ వేయించిన కోడి గురించి రాయడం ఒకరకంగా శిక్షే. అయినా ఇప్పుడు రాయకపోతే పేర్లు, రేట్లు, మనుషులు అన్నీ కలగాపులగం అయిపోతాయి.

వెళ్లింది మా అక్క కొడుకుని చూడటానికి. వాడక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ అన్నీ చూశాం, ఫొటోలు దిగాం. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నాకు బాగా గుర్తుండిపోయినవి చికెన్ కొట్లు, ముఖ్యంగా మోర్లీస్ అనే చైన్.

అక్టోబరు 11, శనివారం: ఈస్ట్‌హామ్

మావాడి గది ఈస్ట్‌హామ్‌లో. హై స్ట్రీట్ నార్త్ మీద పది అడుగులు వేస్తే చాలు, తెలుగు చెవిన పడుతుంది. కొట్ల ముందు గోంగూర కట్టలు, సోనామసూరి బస్తాలు. అద్దాల మీద చేత్తో రాసి అంటించిన కాగితాలు: 'రూమ్ షేరింగ్, తెలుగు అబ్బాయిలకు మాత్రమే'. తమిళులకి పవిత్రమైన పెరటాసి నెలలో శనివారం కావడంతో మహాలక్ష్మి గుడి తమిళులతో కిటకిటలాడుతోంది. దర్శనం చేసుకుని మసాలా దోసె తిన్నాం. ఆరు పౌండ్ల చిల్లర. నేను మనసులో రూపాయల్లోకి మార్చుకుంటుంటే మావాడు కనిపెట్టేశాడు.

"పిన్నీ, ఆ లెక్క మానెయ్. లేదంటే ఇక్కడ నీళ్లు కూడా తాగలేవు."

శనివారాలు నేను కోడి ముట్టను. కానీ వాసనకి పట్టింపు ఉండదు కదా! ఆ వీధిలో నాలుగు కొట్లకొకటి ఫ్రైడ్ చికెన్ కొట్టు. బోర్డుల మీద అమెరికా రాష్ట్రాల పేర్లు, నక్షత్రాలు, చారలు. లోపల కౌంటర్ వెనక ఉన్నవాళ్లు పాకిస్తానీలు, అఫ్గాన్లు, శ్రీలంక తమిళులు, బంగ్లాదేశీలు. కొనేవాళ్లలో నల్లజాతి కుర్రాళ్లు, పోలండ్ కూలీలు, మన విద్యార్థులు. పేరులో తప్ప అమెరికా ఎక్కడా కనపడలేదు.

అమెరికా పేర్లు ఎందుకంటే, దారి వేసింది అమెరికా కంపెనీయే. కె.ఎఫ్.సి. బ్రిటన్‌లో మొదటి కొట్టు 1965లో తెరిచింది, అదీ లండన్‌లో కాదు, ఉత్తరాన ప్రెస్టన్ అనే ఊళ్లో. రుచి అలవాటయ్యాక, అదే సరుకు తక్కువ ధరకి అమ్మడానికి వలస వచ్చినవాళ్లు ముందుకొచ్చారు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినా ఈ వ్యాపారం నడుస్తుంది. చిన్న గది, రెండు ఫ్రయ్యర్లు, ఇంట్లోవాళ్ల చాకిరీ ఉంటే సరిపోతుంది.

"ఇవన్నీ ఒక ఎత్తు, మోర్లీస్ ఒక ఎత్తు," అన్నాడు మావాడు. "దానికి థేమ్స్ దాటాలి. పెట్టింది శ్రీలంక తమిళాయన."

నాకు ఆసక్తి పుట్టింది అక్కడే. "అయితే కరివేపాకు వేస్తారా?"

"రేపు నువ్వే చూద్దువుగాని."

అక్టోబరు 12, ఆదివారం: సిడెనమ్

ఆదివారం, కోడి, ఇంక ముహూర్తం చూసేదేముంది! సిడెనమ్ దక్షిణ లండన్‌లో ఒక మామూలు పేట. గుట్ట మీద పాత ఇటుక ఇళ్లు. పెద్ద వీధిలో టర్కీ మంగలి షాపు, గోళ్లకి రంగులేసే షాపు, వాడిన బట్టలు అమ్మే ధర్మసంస్థల కొట్లు. కన్నలింగం సెల్వేంద్రన్ అనే ఆయన శ్రీలంక నుంచి వలస వచ్చి, 1985లో ఈ పేటలోనే మొదటి మోర్లీస్ తెరిచారు. ఇప్పుడు వ్యాపారం చూస్తున్నది ఆయన కొడుకు షాన్. దక్షిణ లండన్ అంతటా శాఖలు లేచాయి. ఫలానా పేటవాణ్ణి అని చెప్పుకునే కుర్రాళ్లు మా మోర్లీసే బాగుంటుందని పక్క పేటవాళ్లతో వాదించుకుంటారట.

మేం వెళ్లిన కొట్టు మీద ఎరుపు, తెలుపు బోర్డు. దాని మీద 'మ్మ్... ఇట్ టేస్ట్స్ బెటర్' అనే వాళ్ల మాట. దేనికన్నా బెటరో రాయలేదు. ఆ ధీమా నాకు నచ్చింది. లోపల మనం హోటల్ అనుకునేంత చోటు లేదు. పైన లైట్లు వెలిగే మెనూ బొమ్మలు, ఒక స్టీలు కౌంటర్, దాని పక్కన వేడిగా ఉంచే గాజు పెట్టె, మూలన కూల్‌డ్రింకు డబ్బాల ఫ్రిజ్. కూర్చోవడానికి పెద్దగా ఏర్పాట్లు లేవు. కొనుక్కో, పట్టుకెళ్లు. అంతే.

మెనూ అంతా వెతికాను. రెక్కలు, స్ట్రిప్స్, బర్గర్లు, చిప్స్. 'టూ పీస్ అండ్ చిప్స్' అంటే రెండు ముక్కలూ ఆలుగడ్డ వేపుడూ. శ్రీలంక అనే మాట గోడ మీద ఎక్కడా లేదు. రొట్టెని ముక్కలుగా కొట్టి చేసే కొత్తు రొట్టె లేదు, సాంబల్ పచ్చడి లేదు, కరివేపాకు రెమ్మ లేదు.

కౌంటర్ అబ్బాయి తలెత్తకుండానే వరుసగా అడిగాడు. "సాల్ట్? వినెగర్? ఏం సాస్?" ఇక్కడి పద్ధతి అది. జవాబు టకటకా రావాలి, వెనక జనం ఉంటారు. మావాడు నా తరఫున "చిల్లీ అండ్ మేయో, బాస్‌మ్యాన్" అనేశాడు. కౌంటర్ వెనక ఎవరున్నా వాళ్లు బాస్‌మ్యానే. వయసుతో పని లేదు. ఇద్దరికీ కలిపి పది పౌండ్ల లోపే అయింది. లండన్‌లో ఆ డబ్బుకి కడుపు నిండడం చిన్న విషయం కాదు.

తొడ ముక్క చేత్తో విరిచాను. పైపొర చిన్న చిన్న రేకులుగా లేచి ఉంది, నూనె మరక వేలికి అంటుతోందే తప్ప కారడం లేదు. విరిచిన చోట ఎముక దాకా తడి, పొగలు. ఇలాంటి కోడిని చాలాచోట్ల మామూలు మూకుడులో కాకుండా మూత బిగించే ప్రెషర్ ఫ్రయ్యర్‌లో వేయిస్తారు. ఆవిరి బయటికి పోదు కాబట్టి ముక్క తొందరగా ఉడుకుతుంది, లోపలి నీరు ఇంకిపోదు. రుచిలో ముందు ఉప్పు, తర్వాత మిరియం, వెనక ఏదో వెల్లుల్లి ఛాయ. చిల్లీ సాస్ పేరుకే చిల్లీ, నాలుక మీద తియ్యగా పులపులగా జారిపోయింది. నెల్లూరు నాలుకకి కారం చాలదు. కానీ రెండో ముక్క మీదికి చెయ్యి దానంతటదే పోయింది.

మిగిలిన రెక్కల డబ్బా పట్టుకుని క్రిస్టల్ ప్యాలెస్ పార్కుకి నడిచాం. 1854లో ఇక్కడికి తరలించిన గాజు భవనం 1936లో కాలిపోయింది. కానీ ఆ రోజుల్లోనే చెరువు గట్టున కట్టిన రాక్షసబల్లుల బొమ్మలు ఇంకా ఉన్నాయి. పక్షులు వాటి వంశమేనని ఇప్పుడు శాస్త్రవేత్తలు తేల్చారు కాబట్టి, ఇగ్వానడాన్ ఎదురుగా కూర్చుని దాని దూరపు చుట్టాన్ని తిన్నట్టయింది. మావాడికి ఈ జోకు రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ నవ్వలేదు.

అక్టోబరు 13, సోమవారం: బ్రిక్స్‌టన్, పెకమ్

మేం వెళ్లినప్పుడు బస్సు టికెట్ 1.75 పౌండ్లు. కార్డు గీకితే గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ పట్టదు. మావాడు ఈ గంటని పొదుపుగా వాడటంలో ఆరితేరాడు. కానీ ఆరోజు రోడ్డు పనుల వల్ల మా బస్సు మధ్యలో దారి మళ్లి, పేరు తెలియని సందుల్లో తిప్పి తిప్పి, అందర్నీ ఒక చర్చి ముందు దింపేసింది. ఎవరూ గొడవ పడలేదు. ఒక ముసలావిడ మాత్రం "టిపికల్" అని ఒక్క ముక్క అని దిగిపోయింది. అక్కణ్ణుంచి బ్రిక్స్‌టన్ దాకా నడకే.

బ్రిక్స్‌టన్ గురించి కొంచెం చెప్పాలి. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్రష్ ఓడలో కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లలో చాలామందిని క్లాపమ్‌లో యుద్ధకాలపు భూగర్భ షెల్టర్‌లో దించారు. దగ్గర్లోని ఉద్యోగాల ఆఫీసు బ్రిక్స్‌టన్‌లో ఉంది. పని కోసం వచ్చి అక్కడే గదులు చూసుకున్నారు. ఇప్పుడక్కడ విండ్రష్ పేరుతో ఒక కూడలి ఉంది. ఎలక్ట్రిక్ అవెన్యూ సంతలో అరటి, కంద, ఉప్పు చేప, బుల్లి గుమ్మడికాయల ఆకారంలో స్కాచ్ బానెట్ మిరపకాయలు. ఒకటి కొరికి చూశాను. నిన్నటి చిల్లీ సాస్ మీద కసి తీరిపోయింది.

సెల్వేంద్రన్ కొట్టు ఇలాంటి జనం మధ్య పెరిగింది. కోడిని మసాలా పట్టించి, పిండి అద్ది వేయించుకోవడం వీళ్ల ఇళ్లలో ముందునుంచీ ఉంది. కొత్తగా అలవాటు చేయాల్సిన పని లేదు. వేడిగా, చవగ్గా, అర్ధరాత్రి దాకా దొరికితే చాలు.

మూడు దాటేసరికి పెకమ్ చేరాం. రై లేన్ అంతా ఆఫ్రికా బట్టల కొట్లు, జుట్టు అల్లే షాపులు. మూడున్నరకి బడులు వదిలారు. అసలు దృశ్యం అప్పుడు మొదలైంది. నీలం బ్లేజర్లు, వదులైన టైలు, వీపు మీద సంచులు. ఒక చికెన్ కొట్టు ముందు పిల్లలు మా ఊళ్లో సాయంత్రం చికెన్ పకోడీ బండి చుట్టూ మూగినట్టే మూగారు. ముగ్గురు పిల్లలు చిల్లర కలిపి ఒక డబ్బా కొన్నారు. డబ్బులు తక్కువ పెట్టినవాడికి రెక్కల్లో వాటా లేదు, చిప్స్ మాత్రమే. ఎవరూ పోట్లాడుకోలేదు, ఈ ఒప్పందం పాతదే అయుంటుంది. కౌంటర్ ఆయనకి వాళ్ల పేర్లన్నీ తెలుసు. ఒకడి చొక్కా లోపలికి దోపుకోమని కసిరాడు కూడా.

ఈ పిల్లల మీద పెద్దవాళ్లకి ఎప్పుడూ టెన్షనే. బడికి నడిచి వెళ్లే దూరంలో 400 మీటర్ల లోపు కొత్త టేకవే కొట్లకి అనుమతి ఇవ్వకూడదని 2021 లండన్ ప్రణాళికలో రాసుకున్నారు. అంతకుముందు, 2019 ఆగస్టులో ఇంకో వింత జరిగింది. కత్తి పట్టుకు తిరగడం మానండంటూ యువకుల కథలు అచ్చేసిన 3,21,000 చికెన్ డబ్బాల్ని బ్రిటన్ హోంశాఖ 210కి పైగా కొట్లకి పంపింది. మోర్లీస్ కూడా అందులో ఉంది. నల్లజాతి పిల్లలంటే చికెన్, చికెన్ కొట్టంటే కత్తులు, ఇదేనా మీకు తెలిసింది అని ఎంపీలు డేవిడ్ లామీ, డయాన్ ఆబట్ మండిపడ్డారు. ఆ మూడున్నర గుంపు చూశాక నాకూ వాళ్ల మాటే సబబనిపించింది. చొక్కా దోపుకోమని చెప్పే మనిషి కౌంటర్ వెనక ఉండగా డబ్బా మీద నీతులు ఎందుకు?

ఒక్క ఫిర్యాదు మాత్రం నాదీ ఉంది. ఎముకలు! బస్‌స్టాపులో, మెట్ల మీద, సీటు కింద, ఎక్కడపడితే అక్కడ. కుక్కల్ని తిప్పేవాళ్లు గొలుసు లాక్కోలేక చస్తున్నారు. చీకటి పడ్డాక ఒక నక్క కార్ల మధ్య నుంచి తాపీగా వచ్చి, డబ్బా మూత మూతితో ఎత్తి, ఎముక ఏరుకుని వెళ్లిపోయింది. ఊరి నడిబొడ్డున నక్క! నేను గుడ్లప్పగించి చూస్తుంటే మావాడు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు.

అక్టోబరు 14, మంగళవారం: టూటింగ్

కరివేపాకు సంగతి నన్ను వదల్లేదు. అందుకే టూటింగ్. ఇక్కడ తమిళుల హోటళ్లు వరసగా ఉంటాయి. మద్రాసులో చదువుకున్న పుణ్యమా అని నాకు తమిళం వచ్చు. హోటల్లో అడుగు పెట్టగానే పెనం మీద రెండు ఇనుప రేకులతో కొత్తు రొట్టె కొడుతున్న చప్పుడు, ఎదురుగా మనిషి మాట కూడా వినపడనంత. మటన్ రోల్స్, పీతల కూర, కొత్తు చెప్పాం. పీతల కూర నల్లగా, వేయించిన మసాలా వాసనతో, ముక్కులోంచి నీళ్లు తెప్పించింది. ఎట్టకేలకు నా స్థాయి కారం! బిల్లు ముప్ఫై పౌండ్లు దాటింది, బాధ అనిపించలేదు.

పక్క బల్ల దగ్గర ఒంటరిగా టీ తాగుతున్న పెద్దాయన నా తమిళం విని మాట కలిపాడు. యాళ్పాణం (జాఫ్నా) వాడు. 1983 జూలైలో కొలంబోలో తమిళుల ఇళ్లు, కొట్లు తగలబెట్టారు కదా, ఆ తర్వాత ఇక్కడికి వచ్చాడట. మొదట్లో పెట్రోల్ బంకులో రాత్రి డ్యూటీ, తర్వాత బంధువుల కొట్లో పని, ఇప్పుడు రిటైరయ్యాడు. మోర్లీస్ మాట ఎత్తగానే ముఖం వెలిగింది. వాళ్లతో చుట్టరికం ఏమీ లేదు, మనవాడు పైకొచ్చాడన్న సంబరం.

"మరి అక్కడ మీ వంట ఒక్కటీ లేదేంటయ్యా?" అని అడిగాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అమ్మా, ఆ కొట్టుకి వచ్చేవాళ్లలో యాళ్పాణం వాళ్లు ఎంతమంది? ఆ పక్కింటివాడు ఏం తింటాడో అది అమ్మాలి. మన కూర ఇంట్లో ఉంటుంది."

నేను రెండు రోజులుగా వాళ్లేదో దాచిపెట్టినట్టు వెతుకుతున్నాను. దాచడానికి అక్కడేముంది? బతకడానికి పెట్టుకున్న కొట్టు. సొంత రుచిని లోకానికి పరిచయం చేయాలన్న సరదా తీరిక ఉన్నవాళ్లది. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. తన మనవళ్లకి పీతల కూర వద్దట, శుక్రవారం రాత్రి మోర్లీస్ రెక్కలే కావాలట. "వాళ్లకి అదే మనవాళ్ల వంట," అని నవ్వాడు. మా బిల్లులో రెండు టీలు తనే కట్టేశాడు, వద్దంటే వినలేదు.

అక్టోబరు 15, బుధవారం: క్రాయ్‌డన్

పగలు సర్రీ స్ట్రీట్ సంత. గిన్నె ఒక పౌండు లెక్కన మామిడిపళ్లు, టమాటాలు కేకలేసి అమ్ముతున్నారు. 1276 నుంచి ఇక్కడ సంత ఉందట, కేకల్లో ఆ అనుభవం వినిపిస్తుంది.

రాత్రి మావాడి స్నేహితుడి ఇంట్లో ఆలస్యమై, ఆకలేసి, స్టేషన్ దారిలో కనపడిన ఏదో చికెన్ కొట్లో దూరాం. పేరు రాయను, ఎందుకంటే తిండి బాలేదు. చిప్స్ మెత్తబడి చల్లారిపోయాయి. సాస్ డబ్బా నిండా పోసి, దానికి మళ్లీ విడిగా డబ్బులు తీసుకున్నారు. "ఒరేయ్, ఇదేంట్రా ఇలా తగలడింది?" అని నేను మావాడితో అంటుండగా కౌంటర్ అబ్బాయి గతుక్కుమన్నాడు.

"మీరు తెలుగోళ్లా అక్కా?"

ఖమ్మం దగ్గర పల్లెటూరు. మాస్టర్స్ చేస్తున్నాడు. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలి. 21 దాటినవాళ్లకి చట్టప్రకారం కనీస కూలి 2025లో గంటకి 12.21 పౌండ్లు ఉండేది. గుణించుకుంటే గది అద్దెకీ తిండికీ సరిపోయేది, అప్పు వడ్డీకి సరిపోయేది కాదు. వెంటనే నా చిప్స్ పారేసి, కొత్తవి వేశాడు. వేగేలోపు కథంతా చెప్పాడు.

ముక్కలు కోసే వస్తాయి, రాత్రే మసాలా పట్టిస్తారు. పొద్దున పిండిలో పొర్లించి, నీళ్లలో ముంచి, మళ్లీ పిండిలో వేసి అరచేత్తో నొక్కుతారు. ఆ నొక్కుడులోనే రేకులు లేస్తాయట. గట్టిగా నొక్కితే అట్ట కడుతుంది, మెల్లిగా నొక్కితే నూనెలో ఊడిపోతుంది. చూపిస్తూ గాల్లో చెయ్యి ఆడించాడు. ముంజేతి మీద నూనె చిందిన మచ్చలు వరసగా ఉన్నాయి. శుక్రవారం రాత్రి రెండింటికి తాగి వచ్చేవాళ్లతో ఎలా మాట్లాడాలో కూడా చెప్పాడు. వాదించకూడదు, ముందు ఒక చిప్ చేతిలో పెట్టాలి.

"నువ్వూ ఒక కొట్టు పెడతావా?" అన్నాను.

"పెట్టాలనే ఉందక్కా. మోర్లీస్ ఆయన కూడా ఒక్క కొట్టుతోనే కదా మొదలెట్టింది. కానీ పేరుతోనే వచ్చింది చిక్కు."

పేరుతో చిక్కేమిటో మావాడు చెప్పాడు. మోర్లీస్ వాళ్లు మెట్రోస్ అనే ఇంకో చికెన్ చైన్ మీద కేసు వేశారు. బోర్డు, బర్గర్ పేరు తమవాటిని పోలి ఉన్నాయని. 2024లో కోర్టు మోర్లీస్ పక్షానే తీర్పు చెప్పింది. ఒకప్పుడు అమెరికావాళ్ల దారి పట్టుకుని లేచిన వ్యాపారంలో ఇప్పుడు కాపాడుకోవాల్సిన పేరు వీళ్లకీ వచ్చింది.

"అమెరికా రాష్ట్రాలేమో అందరూ పెట్టేసుకున్నారు," అన్నాడు ఖమ్మం అబ్బాయి చిప్స్ మీద ఉప్పు చల్లుతూ. "మా ఊరి పేరే పెడదామంటే, ఖమ్మం ఫ్రైడ్ చికెన్. మొదటి అక్షరాలు ఇంగ్లీషులో రాసి చూడండక్కా."

మావాడు ముందు చూశాడు. నవ్వుతూ కౌంటర్ మీద వాలిపోయాడు. వెనకనుంచి ఎవరో "బాస్‌మ్యాన్, సిక్స్ వింగ్స్!" అని అరిచారు, అబ్బాయి అటు తిరిగాడు.